చచ్చిన ఉడుము, రెండో భాగం

కరిసల్‌పట్టి, తిరుమంగళం దగ్గర
జూన్ 8

యువరాణికి, కళక్క రాసేది.

ఈ ఉత్తరం కన్నా ముందే నీకొక పొట్లం అంది ఉంటుంది. మా ఆయన వెంకటేశన్ మునక్కాయల లోడుతో ఒట్టన్‌చత్రం మార్కెట్టుకు పోయినప్పుడు, అక్కడ కోయంబత్తూరు లారీ డ్రైవరు చేతికిచ్చి పంపించాను. పుస్తకం మునక్కాయల వాసన వేస్తే నన్ను తిట్టకు. రెండు రోజులు ఎండలో పెట్టు, పోతుంది.

అది "పొగల ఓడ" రెండో భాగం. మొదటి భాగం నీకిచ్చి ఏడాది దాటింది. మీ రక్కమ్మాళ్ అవ్వ రోజూ సాయంత్రం చదివి వినిపిస్తుంటే కాలనీ పిల్లలు అన్నాలకు కూడా లేవడం లేదని అప్పట్లో రాశావు. నాకు భలే ఆశ్చర్యమేసింది. మనిద్దరం తెలుగు అక్షరాలు నేర్చుకోడానికి ఎన్ని పాట్లు పడ్డాం. మిల్లు హాస్టల్లో చిత్తూరు పిల్ల తెచ్చుకున్న ఒకటో తరగతి వాచకం, నువ్వు మెస్సులో నూనె డబ్బాల ముందు కూర్చుని వాటి మీది తెలుగు కూడబలుక్కోవడం. మీ అవ్వ ఎప్పుడు, ఎవరి దగ్గర నేర్చుకుందో అడిగి రాయి.

ఇప్పుడు పని చెప్తాను. పుస్తకం వేసినాయన ఫోన్ చేశాడు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బళ్ళో తమిళం చదివే పిల్లలు ఈ రెండో భాగాన్ని తోటి పిల్లలకు సిఫారసు చేస్తారా, చేస్తే ఎందుకు, అని ఒక పేజీ రాయించి పంపమన్నాడు. మళ్ళీ అచ్చేసేటప్పుడు వెనక అట్ట మీద వేస్తాడట. జూలై ఆఖరుకు కావాలి. అది అందితే మీకూ మాకూ చెరొక పెట్టె పుస్తకాలు పంపుతాడు.

కథ నేను చదివాను. మొదటి దానికన్నా బాగుంది. అదే నీలిక, అదే మబ్బుల మీద తిరిగే ఓడ, అదే మసిరాజు, నీలిక భుజం మీద కూర్చుని సలహాలు చెప్పే జిగిని అనే తొండ. తొమ్మిదేళ్ళ నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు సరిగ్గా సరిపోతుంది.

ఒక్కటే చెప్తాను విను. పుస్తకం పిల్లల ముందర విసిరి "వినండి, లేకపోతే మీ బతుకులింతే" అనవద్దు. నువ్వు అంటావు, నాకు తెలుసు. మొదటి అధ్యాయం చదివి, ఓడ గాల్లోకి లేచే చోట ఆపెయ్యి. మిగతాది వాళ్ళే అడుగుతారు.

ఫోన్ చెయ్యకు. మా అత్త పాంచాలి పక్కనే కూర్చుని రెండు వైపులా వింటుంది. ఉత్తరమయితే ఈ ఇంట్లో ఎవరికీ చదవరాదు.

కళైవాణి


కోయంబత్తూరు, రైలుగేటు కాలనీ
జూన్ 17

కళక్కా,

ఆ పుస్తకం రాసినవాడి ఫోన్ నంబరు పంపు. వేసినాయనది వద్దు. రాసినవాడిది.

వాడు మొదటి భాగం చదవకుండా రెండో భాగం రాశాడు. నేను పగలంతా మోటార్లకు రాగి తీగ చుట్టే మనిషిని. ఒక్క చుట్టు తప్పితే సూపర్‌వైజర్ మొత్తం విప్పించి మళ్ళీ చుట్టిస్తాడు. వీడు మొదటి పేజీలోనే అన్ని చుట్లూ తప్పాడు. వీడి చేత విప్పించేవాడు లేడా?

జరిగింది చెప్తాను. ఆదివారం రేషన్ అంగడికి సెలవు. దాని అరుగు మీద ఇరవై ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టాను. అవ్వ చదవాల్సింది, కళ్ళద్దాలు పగిలాయంది. సరి, నేనే మొదలుపెట్టాను. నువ్వు చెప్పినట్టే అరవలేదు. మొదటి వాక్యం: "ఇంకెంత దూరం, అని జిగిని ఆవలించింది." పక్కన బొమ్మ, అమ్మాయి భుజం మీద ఉడుము.

పిల్లలు బొమ్మ వంక, నా వంక చూశారు. తర్వాత ఇలక్కియ లేచింది. పదేళ్ళది, మా వీధికంతటికీ అదే పంచాయతీ.

"అక్కా, అది పెరియసామి గదా?"

"ఇక్కడ జిగిని అని ఉండాది."

"పెరియసామి చచ్చిపోయె గదా. చచ్చినోడు ఎట్ల ఆవలిస్తాడు?"

నీకు మొదటి భాగం గుర్తుండే ఉంటుంది. ఓడ మునిగిపోయేటప్పుడు పెరియసామి ఉడుము అడ్డం పడి, వెల్లకిలా పడిపోయి చచ్చిపోతుంది కదా. ఆ రోజు ఈ కాలనీలో ఒక్క పిల్ల అన్నం తినలేదు. మూడో రోజు ఇలక్కియ వాళ్ళు చార్టు మీద ఉడుము బొమ్మ గీసి, కింద "కన్నీటి అంజలి, పెరియసామి, మబ్బుల ఓడ" అని తమిళంలో రాసి, మనుషులు పోతే అతికిస్తారే పోస్టరు, అట్లాగే రేషన్ అంగడి గోడకు అతికించారు. కవిన్ పెద్దకొడుకు స్థానంలో ఉండి గుండు కొట్టించుకున్నాడు. వాడి అమ్మ సత్యప్రియ వాడిని వీధి చివరిదాకా తరిమి కొట్టింది. పదహారో రోజు కర్మకు అవ్వే వడలు, పాయసం చేసి పెట్టింది. ఇంత జరిగాక ఆ ఉడుము మొదటి పేజీలో ఆవలిస్తుందా?

సరేనని నాలుగో పేజీకి పోయాను. మారిముత్తు మాస్టర్ బొమ్మ ఉంది, నల్ల గడ్డం, చేతిలో గరిటె. ఓడ మొత్తానికి వండిపెట్టే మహానుభావుడు. కింద ఏమి రాశాడో చూడు. "దుర్మార్గుడైన మసిరాజు వికటంగా నవ్వాడు." పిల్లలు అరుగు దిగి వెళ్ళిపోయారు. కవిన్ తన తల తడుముకుంటూ పోయాడు. జుట్టు పెరిగినా వాడికింకా ఆ అలవాటు పోలేదు.

నీ ఉత్తరంలో నీలిక అని ఎవరినో రాశావు. ఎవరది? మన కథలో అమ్మాయి పేరు చిన్నత్తాయి. నువ్వు కూడా మొదటి భాగం మర్చిపోయినట్టున్నావు.

అసలు మంట ఇప్పుడు చెప్తాను. ఇలక్కియ వీధంతా ఏమని చెప్తోందో తెలుసా? "పుస్తకంలో తప్పు ఉండదు. యువరాణక్కకు చదవరాదు." నాకు. ఎనిమిదో తరగతిలో బడి మాన్పించి మిల్లుకు పంపితే, నూనె డబ్బాల మీద నేర్చుకున్న నాకు. నా దగ్గర నాదని చెప్పుకునేది ఆ ఒక్కటే ఉంది కళక్కా.

పిల్లలు ఫిర్యాదు కూడా రాసి రేషన్ అంగడి పెట్టెలో వేశారు. ఉడుము సంగతి తన కిందకు రాదని ఆ అంగడి ఆయన పిల్లల్ని పిలిచి చాలా మర్యాదగా చెప్పాడట.

నంబరు పంపు.

యువరాణి


కరిసల్‌పట్టి
జూన్ 25

యువరాణీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను. రెండోసారి నీకు జ్వరమేమో అనుకున్నాను. మూడోసారి లేచి నా దగ్గరున్న మొదటి భాగం తీసి చూశాను.

అమ్మాయి పేరు నీలిక. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నీలికే. హైదరాబాద్‌లో ఉండే మనిషి తన కథలో పిల్లకు చిన్నత్తాయి అని ఎందుకు పెడతాడు? మారిముత్తు అనే పేరు పుస్తకంలో ఎక్కడా లేదు. ఆ గడ్డం వాడు మసిరాజు. ఇళ్ళ పొయ్యిల్లోంచి పొగ దొంగిలించి తన కోట నింపుకునే దుర్మార్గుడు. వాడి చేతిలో ఉన్నది గరిటె కాదు, రాజదండం.

అది ఉడుము కూడా కాదు, తొండ. అది చావదు. స్పృహ తప్పి వెల్లకిలా పడుతుంది, నాలుగు పేజీల తర్వాత లేచి ఆకలి అంటుంది. లేచి కూర్చున్న బొమ్మ కూడా ఉంది.

నీకిచ్చింది వేరే పుస్తకం కాదు, నా చేతులతో ఇచ్చాను. దాన్ని తీసి ఒకసారి నువ్వే చదువు. ఏడాదిగా నీ ఇంట్లోనే ఉంది కదా, ఇప్పటిదాకా ఎందుకు చదవలేదు? షిఫ్టు అని చెప్పకు.

మా ఇంట్లో ఒక తప్పు చేశాను. నీ ఉత్తరం చదివి నవ్వుతుంటే మా అత్త ఎందుకని అడిగింది. మారిముత్తు మాస్టర్ సంగతి చెప్పాను. ఈ పుస్తకాల గాలి కూడా పడని మనిషి, మిరపకాయల తొడిమలు తీస్తూ తీస్తూ ఆగి, "అంత మందికి రసం పెట్టినాడంటే పప్పుకట్టు యాడ్నించి తెచ్చినాడే ఓడలో?" అంది. అదేమీ పుస్తకంలో లేదత్తా, ఊరికే అల్లిన కథ అన్నాను. "అల్లినా పప్పుకట్టు కావాల గదా" అంది. రెండు రోజులుగా అదే అడుగుతోంది.

పుస్తకం చూసి వెంటనే రాయి.

కళైవాణి


కోయంబత్తూరు
జూలై 3

కళక్కా,

చూశాను.

పుస్తకం బియ్యం డబ్బాలో, బియ్యం కింద, గుడ్డలో చుట్టి ఉంది. పేజీలు తిప్పాను. నీలిక. నీలిక. మసిరాజు. ఎక్కడా చిన్నత్తాయి లేదు. ఉడుము వెల్లకిలా పడిన బొమ్మ కనిపించింది. దాని తర్వాత ఎనిమిది పేజీలు తెరుచుకోలేదు. పై అంచు కత్తిరించకుండా ప్రెస్సు వాళ్ళు మడత మడతగానే కుట్టేశారు. ఏడాది పాటు ఈ పుస్తకం రోజూ సాయంత్రం చదివారు, ఆ ఎనిమిది పేజీలు మాత్రం ఎవరూ విప్పలేదు. తీగ గీకే బ్లేడుతో నేనే కోశాను. లోపల పెరియసామి లేచి కూర్చుని ఆకలి అంటోంది.

కాగితం తెగకపోవడం వల్ల చచ్చిన జీవం లోకంలో అదొక్కటే అయి ఉంటుంది.

అవ్వ పెరట్లో అంట్లు తోముతోంది. ఆమె మిల్లు కాంటీన్లో ముప్ఫై ఏళ్ళు వండింది, ఇప్పటికీ నలుగురి గిన్నెలు నలభై మందివన్నట్టు తోముతుంది. నేను పుస్తకం పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను.

"అవ్వా, నీకు చదవొచ్చా?"

"ఆ చెంబు ఇట్లియ్యి."

"అవ్వా."

"రాదు."

అంతే చెప్పింది. గిన్నె కడగడం ఆపలేదు.

"ఏడాదిగా చదివినావే?"

"బొమ్మలుండాయి గదా. రాసినోడు మాత్రం ఏం చేసింటాడు, బొమ్మలు చూసే గదా రాసింటాడు. నేనూ అట్లే చేసినాను."

"ఆ గడ్డపోడు దుర్మార్గుడంట."

"గరిటె పట్టినోడు దుర్మార్గుడు ఎట్లయితాడే? ముప్పై ఏళ్ళు పట్టినాను, నన్ను చూడు."

"అది గరిటె కాదు, రాజదండం."

"రాజుకు కట్టె ఎందుకు, గొర్రెలు కాస్తాడా?"

నాకు ఒళ్ళు మండింది. రాదని మొదట్లోనే చెప్పి ఉంటే సరిపోయేది, అబద్ధం ఎందుకు ఆడినావని అరిచాను. ఆమె చేతులు తుడుచుకుని ఏం చెప్పిందో విను కళక్కా.

నువ్వు పుస్తకం ఇచ్చిన రోజు గుర్తుందా? ఆ సాయంత్రం నేను వీధి మధ్యలో నిలబడి, "మూడు వందల ఏళ్ళుగా ఇంట్లో తెలుగు మాట్లాడతాం, ఈ వీధిలో ఒక్కరికైనా తెలుగు చదవొచ్చా, వచ్చినోళ్ళు చెయ్యెత్తండి" అని కేకేశాను. అందరూ తలలు దించుకున్నారు. అవ్వ ఒక్కతే చెయ్యెత్తింది. నేను గంతులేశాను. ఇప్పుడు ఏమంటుందంటే:

"ఎవురూ ఎత్తలేదు. నీ మొగం చూసినాను. ఆ మొగంతో నువ్వు ఇంటికొస్తే ఆ రోజు అన్నం ఎవురు తింటారు? అందుకని ఎత్తినాను. ఎత్తినాక నువ్వు బుక్కు చేతిలో పెట్టేస్తివి."

 నేను మళ్ళీ అరిచాను.

అసలు ఇబ్బంది ఇది కాదు. ఇలక్కియ తీర్పు చెప్పేసింది. పన్నెండో తేదీ ఆదివారం, అరుగు మీద, అందరి ముందర, రెండో భాగం అవ్వే చదవాలట. ఎవరు తప్పు చదువుతున్నారో అప్పుడు తేలుతుందట. కళ్ళద్దాలు లేవే అని అవ్వ తప్పించుకోబోయింది. గంటలో పిల్లలు ఇల్లిల్లూ తిరిగి ఏడు జతల అద్దాలు తెచ్చి ఆమె ఒళ్ళో పోశారు. వీధిలో ముసలాళ్ళందరూ ఇప్పుడు గోడలు తడుముకుంటూ నడుస్తున్నారు.

నిజానికి నేనేమీ చెయ్యక్కర్లేదు. ఆదివారం నోరు మూసుకుని కూర్చుంటే చాలు. ఇలక్కియ ఒక వాక్యం మీద వేలు పెట్టి ఇది చదువు అంటుంది, అవ్వకు రాదు, నాకు వచ్చని ఒక్క నిమిషంలో తేలిపోతుంది. అయితే ఆ తర్వాత అవ్వ ఆ పిల్లల ముందర మళ్ళీ కూర్చోదు. ఆమె సంగతి నాకు తెలుసు. కాంటీన్లో ఒకసారి ఒక వరస వాళ్ళు ఉప్పు ఎక్కువైందన్నారని మూడు నెలలు ఆ వరస వాళ్ళ వైపు చూడలేదు. రెండు వారాలుగా సరిగ్గా తినడం లేదు. సాయంత్రాలు పుస్తకం ముందు పెట్టుకుని అద్దాలు మార్చి మార్చి చూస్తోంది, ఏదో ఒక జతతో అయినా చదవొచ్చేస్తుందేమోనని.

నేను అబద్ధం ఆడేదాన్ని కాదని నీకు తెలుసు. ఏం చెయ్యమంటావు?

యువరాణి


కరిసల్‌పట్టి
జూలై 7

యువరాణీ,

ఇది పన్నెండో తేదీకి ముందే అందాలని తిరుమంగళం దాకా పోయి పోస్టు చేస్తున్నాను.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. మా ఊరి పిల్లలు "పొగల ఓడ"ను ఎంతో ఇష్టపడుతున్నారని పుస్తకం వేసినాయనకు చెప్పాను. అది నిజం కాదు. పన్నెండు మంది పిల్లలతో మొదలుపెట్టాను. ఒక్క అక్షరం పోకుండా, ఉన్నది ఉన్నట్టు చదివాను. ఐదో అధ్యాయానికి ఇద్దరు మిగిలారు, అందులో ఒకడు నిద్రపోతున్నాడు. అందుకే నీ వైపు నుంచి పేజీ కావాలని అంతగా అడిగాను.

ఇప్పుడు పన్నెండు మందీ తిరిగి వచ్చారు. మా అత్త వాళ్ళకు మారిముత్తు మాస్టర్ కథ చెప్పేసింది. పెరియసామి పోయిందని నిన్న మా పత్తి గోడౌన్ తలుపు మీద కన్నీటి అంజలి అతికించారు. ఫొటో దొరక్క మా మామగారి ఓటరు కార్డు బొమ్మ పెట్టారు. ఆయన పొలం నుంచి వస్తూ చూసి, బయట అరుగు మీదే చాలాసేపు కూర్చుండిపోయాడు.

నువ్వు అడిగినదానికి ఇదీ నా జవాబు. మిల్లు హాస్టల్లో మెస్సు గోడ మీద బొగ్గుతో అక్షరాలు రాసిందెవరని వార్డెన్ అడిగింది. అందరూ తెలియదన్నారు. నువ్వు లేచి, "నేనూ, కళక్కా" అన్నావు. అది నిజమే. మనిద్దరికీ పదిహేను రోజులు గేటు దాటకూడదని శిక్ష వేశారు. ఆ పదిహేను రోజుల్లోనే మా నాయనమ్మ పోయింది. నేను నెల రోజులు నీతో మాట్లాడలేదు. ఎందుకని నువ్వు అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

ఆదివారం నీకు ఏది తోస్తే అది చెయ్యి. నేను నిన్ను ఏమీ అనను.

కళక్క


కోయంబత్తూరు
జూలై 16

కళక్కా,

నీ ఉత్తరం శనివారం అందింది. నాయనమ్మ సంగతికి జవాబు రాయాలని నాలుగు కాగితాలు పాడు చేశాను. నాకు చేతకాలేదు. అందుకని ఆదివారం జరిగింది రాస్తున్నాను.

అరుగు మీద పిల్లలు, కింద వాళ్ళ అమ్మలు, అద్దాలు లేని ముసలాళ్ళు. అవ్వ కొత్త చీర కట్టుకుంది. పుస్తకం తలకిందులుగా పట్టుకుంటుందేమోనని నాకు భయం, కానీ బొమ్మలున్నాయి కాబట్టి సరిగ్గానే పట్టుకుంది. ఇలక్కియ ఏడు జతల అద్దాలూ వరసగా పేర్చి, ఒక్కొక్కటే పెట్టి చూసింది. ఐదోది మా వీధిలో ఆరాయి అత్త వాళ్ళ ఆయనది, అది సరిపోయిందని అవ్వ ఒప్పుకుంది. ఒప్పుకోక తప్పలేదు, ఇంకో రెండే మిగిలాయి.

ఇలక్కియ మొదటి పేజీ తీసి, మొదటి వాక్యం మీద వేలు పెట్టింది. "ఈడ్నించి చదువవ్వా. అక్క ఈడనే తప్పు చెప్పింది."

అవ్వ ఆ వేలు వంక చూసింది. వేలు బొమ్మ మీద లేదు. అక్షరాల మీద ఉంది.  అద్దాలు తుడిచింది. మళ్ళీ పెట్టుకుంది. మెడ మీద చెమట కారుతోంది.  ఆమె తలెత్తి నా వైపు చూడలేదు కళక్కా. ఒక్కసారి కూడా చూడలేదు. చూసి ఉంటే నేను కూర్చునే ఉండేదాన్నేమో.

లేచి చెప్పాను. "ఆమెను ఎందుకు అడుగుతారు? తప్పు చదివింది నేనే. నాకు చదవరాదు."

ఇలక్కియ వదిలే రకం కాదు. అందరి ముందర నిలబెట్టి అడిగింది.

"చదవరాకపోతే కళైవాణి అక్కకు ఉత్తరాలు ఎట్ల రాస్తావు?"

"రాయడం వస్తాది. చదవడం రాదు."

"ఆమె రాసినవి ఏం చేస్తావు?"

"చూసి దాచి పెడతాను."

"మరి ఉడుము ఆవలించిందని ఎట్ల చెప్పినావు?"

"ఊరికే. నాకు ఆవలింత వచ్చింది, దానికీ వచ్చింటాదని చెప్పేసినాను."

నా అబద్ధం ఇంత సులువుగా నమ్ముతారని అనుకోలేదు. నెల రోజులుగా నిజాలు చెప్తుంటే ఒక్కరూ నమ్మలేదు. సత్యప్రియ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆరాయి అత్త పక్కనున్నామెతో, "పావం, ఇన్నాళ్ళు చదవొచ్చినట్టే తిరిగింది, మనకు కూడా తెలీలేదు" అంది. నాకు ఒళ్ళంతా మంటలు. పిడికిళ్ళు రెండూ చంకల కింద దాచుకున్నాను.

అవ్వ నెమ్మదిగా ఆ వేలు పక్కకు జరిపింది. ఉడుము బొమ్మను తేరిపార చూసింది. మొదలుపెట్టింది.

"పెరియసామి చచ్చిపోయినాడు, అది నిజమే. పదహారో దినం కూడా అయిపోయె. ఇది ఆయన మనవడు. కొడుక్కు కొడుకు. మన ఇండ్లల్లో మాదిరే వాళ్ళలో కూడా మనవడికి తాత పేరే పెడతారు. అందుకని వీడూ పెరియసామే. మొగం కూడా తాతదే వచ్చింది, చూడండి."

పిల్లలు బొమ్మ చుట్టూ మూగారు. తాత మొగమేనని అందరూ ఒప్పుకున్నారు. కవిన్ ఏడ్చాడు. "అయితే తాత పోయిన సంగతి వీడికి తెలుసా అవ్వా?" అన్నాడు. "తెలీదు నాయనా," అంది అవ్వ, "ఓడలో ఎవురూ చెప్పలేదు. మారిముత్తు మాస్టర్ రేపు వంట కట్టెలు తెచ్చేటప్పుడు చెప్తాడు." ఆ రోజుకు అక్కడ ఆపింది. ఒక్క పిల్లా కదలలేదు. నువ్వు చెప్పావు చూడు, ఎక్కడ ఆపాలో. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చాక వంటింట్లో నా కంచంలో రెండోసారి కూర వేసి అంది. "మాట సాయం చేసినావు, సరి. కాని అబద్ధం అట్ల అరిచి చెప్పకూడదే. నెమ్మదిగా చెప్పాల. నువ్వు అరిస్తే నిజం మాదిరి ఉంటాది, ఎవురైనా అనుమానపడతారు." ఆ రాత్రి రెండు కంచాలు తిన్నది ఆమె.

ఇప్పుడు నా గతి విను. నేను పని నుంచి రాగానే ఇలక్కియ పలక పట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంటుంది, నాకు చదువు చెప్పడానికి. అవ్వ ఆకారం చూసి పేరు పెట్టి దానికి నేర్పిన అక్షరాలు. మొదటిది జడ. రెండోది చెంబు. మూడోది మూత పెట్టిన చెంబు. నాలుగు రోజులయింది, మూత దగ్గర తప్పుతున్నానని చెవి మెలిపెట్టింది. సూపర్‌వైజర్ నా మీద చెయ్యెత్తితే విరిచేదాన్ని. దీని ముందర "సరి టీచర్" అంటున్నాను.

నువ్వు అడిగిన పేజీ ఇదిగో. పిల్లలు చెప్పారు, నేను రాశాను. ఒక్క మాట మార్చలేదు. పుస్తకం వేసినాయన వేస్తే వేస్తాడు, లేకపోతే మానేస్తాడు. పెట్టె రాకపోయినా ఫర్వాలేదని అవ్వ అంది. ఈ ఒక్క పుస్తకంలోనే ఇంకా చాలా ఉందట.

మీ అత్తకు చెప్పు. పప్పుకట్టు లేకుండానే రసం పెట్టాడట. చింతపండు, మిరియాలు, మబ్బులో తడి.

యువరాణి


(దీనితో జతచేసిన పేజీ)

తోటి పిల్లలకు రైలుగేటు కాలనీ పిల్లలు చెప్పేది ఏమంటే:

"పొగల ఓడ" రెండో భాగం చాలా మంచిది. అందరూ వినండి. మొదటి భాగం వినకుండా దీనికి రావద్దు. పెరియసామి తాత పోయినప్పుడు ఏడవనివాళ్ళకు, మనవడు వచ్చినప్పుడు ఏమీ అనిపించదు. గుండు కొట్టించుకోవాల్సిన అవసరం లేదు, అది కవిన్ అప్పుడే చేసేశాడు, అందరికీ కలిపి సరిపోతుంది.

మారిముత్తు మాస్టర్ రసం పెట్టే చోటు ఆకలిగా ఉన్నప్పుడు వినొద్దు. చిన్నపిల్లలు మూడో బొమ్మ దగ్గర కళ్ళు మూసుకోండి. భయం ఏమీ లేదు, ఊరికే మూసుకుంటే బాగుంటుంది.

రాసినాయనకు: బాగా రాశారు. కొన్ని చోట్ల పేర్లు తప్పు అచ్చయ్యాయి, మా అవ్వ సరిచేసి చదివింది. మూడో భాగం రాసే ముందు ఒకసారి కోయంబత్తూరు వచ్చి ఆమెను అడిగి రాయండి. సాయంత్రం ఆరు తర్వాత రండి, అప్పటిదాకా ఆమెకు పని ఉంటుంది.

ఇంకొక సంగతి. పుస్తకం మంచిదే, కానీ ఎవరి చేత చదివించుకుంటారో చూసుకోండి. కొందరు అందులో ఉన్నది ఉన్నట్టు చదివేస్తారు. అట్లా వింటే ఎంత మంచి కథయినా పాడైపోతుంది.

ఈ పేజీ మేం చెప్తుంటే యువరాణక్క రాసింది. ఆమెకు రాయడం వస్తుంది, చదవడం రాదు, ఇప్పుడే నేర్పిస్తున్నాం. అందుకని రాసింది సరిగ్గా ఉందో లేదో ఒకసారి చదివి చెప్పమని ఆమెను అడగలేకపోయాం. ఆమె బాధపడుతుంది. మీరే చూసుకోండి.

ఇలక్కియ, కవిన్, ఇంకా ఇరవై మంది